పక్క కుర్చీలో పేరు

నవంబరు పదిహేను, శనివారం. ఉదయం ఎనిమిది పది.

సూర్యాపేట పోలీస్ స్టేషన్. హెల్ప్ డెస్క్ ముందు ఒకామె నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవర్. కవర్లో ఒక లాంగ్ నోట్‌బుక్. కూర్చోమన్నా కూర్చోవడం లేదు.

"నా బిడ్డ నిన్న పొద్దుగాల ఇంగ్లీష్ క్లాసుకు వోయింది మేడమ్. ఇంకా రాలే."

హెడ్ కానిస్టేబుల్ సువర్ణ పెన్ను తీసింది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఈ మాట ఎన్నిసార్లు విందో. విన్న ప్రతిసారీ ఇంతే. ముందు కాలువ కనిపిస్తుంది. తర్వాత రైలు పట్టాలు. ఆ తర్వాత ఇంటర్ చదివే తన సొంత కూతురు కనిపిస్తుంది. కాలేజీకి చేరిందో లేదోనని ఒకసారి ఫోన్ చేసి చూసుకుంటే తప్ప చెయ్యి ముందుకు కదలదు.

ముందు అన్నిటికంటే చెడ్డది అనుకోవడం సువర్ణ పద్ధతి. అనుకుని, అది కాదని రుజువు చేసుకుని, తర్వాతి దానికి పోవడం. స్టేషన్లో అందరూ నవ్వుతారు. నవ్వేవాళ్లెవరూ ఆమె కంటే ముందుగా తప్పిపోయిన పిల్లను వెతికిపట్టిన దాఖలా లేదు.

"నీ పేరు?"

"నీలా. పెన్‌పహాడ్ పక్కపొంటి తండా మాది."

"బిడ్డ పేరు?"

"స్రవంతి. ఇరవై ఒకటి నడుస్తుంది. డిగ్రీ అయిపోయింది."

"ఇంటాయన రాలేదా?"

"లింగ్యా. కోత మిషన్ మీద వోయిండు, వారమాయె. ఆయనకింకా చెప్పలే. చెప్తే ఆడనే కూలవడ్తడు."

"ఎన్నింటికి బయలుదేరింది?"

"ఏడున్నర బస్సుకు."

"ఫోన్?"

"నిన్న పన్నెండు గంటల సంది స్విచ్చాఫ్."

"బట్టలు ఏమన్నా తీస్కపోయిందా?"

నీలా తల దించింది. "ఒక జత."

ఆ మాట లోపలి గదిలో ఉన్న ఎస్సై శ్రీనివాస్ చెవిన పడింది. టీ గ్లాసుతో బయటికి వచ్చాడు. నోట్‌బుక్ అందుకున్నాడు. తిప్పాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు.

"సువర్ణమ్మా, ఇగ నీకు పని లేదు. పిల్లే అంతా రాసిపెట్టింది." పైకి చదివాడు. "ఐ యామ్ ఫాండ్ ఆఫ్ బాలాజీ. ఐ యామ్ జెలస్ ఆఫ్ బాలాజీ. ఐ యామ్ మ్యారీడ్ టు బాలాజీ. ఐ యామ్ అఫ్రెయిడ్ ఆఫ్ మై ఫాదర్. ఐ యామ్ టయర్డ్ ఆఫ్ దిస్ హౌస్."

నీలాకు అర్థం కాలేదు. "ఏమున్నది సార్ అండ్ల?"

"బాలాజీ అనెటోడు ఇష్టమంట. పెండ్లి అయిందంట. వాళ్ల నాయినంటే భయమంట. ఇంట్ల ఉండి యాష్టకొచ్చిందంట."

నీలా గోడ పట్టుకుంది.

సువర్ణ లేచి ఆమెను బలవంతంగా కూర్చోబెట్టింది. "సార్, జర ఆగుండ్రి. పోయిన నెల నా బిడ్డ నోట్‌బుక్కుల 'ఐ యామ్ అషేమ్డ్ ఆఫ్ మై మదర్' అని ఉండె. నేనంటే సిగ్గంట. రాత్రంతా ఏడ్సిన. పొద్దున అడిగితే హోంవర్క్ అన్నది."

"హోంవర్కా?"

"ఇంగ్లీషుల ఒక్కో మాట వెనక ఒక్కో చిన్న మాట రావాల్నంట సార్. అఫ్రెయిడ్ వెనక ఆఫ్. గుడ్ వెనక ఎట్. మ్యారీడ్ వెనక టు. మనకు 'తో', 'కు', 'నుంచి' అన్నీ వాటంతట అవే నోట్లకెళ్లి వస్తయి. వాళ్లకు అట్ల కాదు. ఏ మాటకు ఏ తోక ఉంటదో బట్టీ పట్టాల్సిందే. అందుకే వాక్యాలు రాయిస్తరు."

శ్రీనివాస్ ఇంకో పేజీ తిప్పాడు. "సరే, హోంవర్కే అనుకో. నలభై వాక్యాలుంటే ఒకటి రెండు తప్ప అన్నిట్ల బాలాజీ ఎందుకు? ఊళ్లె ఇంకో పేరే లేదా?"

నోట్‌బుక్ సువర్ణ చేతిలో పెట్టాడు.

"పో. ఆ బాలాజీని పట్టుకో. జీపు తీస్కపో."

తొమ్మిది ఇరవై.

స్రవంతి ఇంగ్లీష్ క్లాసుకు పోయే కోచింగ్ సెంటర్ బస్టాండు వెనక రెండో అంతస్తులో ఉంది. మెట్ల మీద ఖాళీ ఫ్లెక్సీ ఫ్రేము. 'మా విజేతలు' అనే అక్షరాలు మిగిలాయి, కింద ఫొటోలు లేవు. లోపల కుర్చీలు రెండేసి, రెండేసి వరుసగా వేసి ఉన్నాయి. గోడ మీద ర్యాంకుల లిస్టు. మొదటి పేరు స్రవంతి. రెండో పేరు పరశురాములు. ముప్పై ఒకటి సునీత. ఆఖరి పేరు, ముప్పై నాలుగు, బాలాజీ.

డైరెక్టర్ రమేష్ నలభై ఏళ్లవాడు. ఇస్త్రీ చొక్కా. మర్యాద ఎక్కువ.

"స్రవంతి మా ఫస్ట్ ర్యాంకర్ మేడమ్. నిన్న ఒంటి గంటకు క్లాసు అయిపోయింది, అందరితో పాటే వెళ్లింది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లిందో మాకెట్ల తెలుస్తది?"

"ఎవరితోనన్నా దోస్తానా?"

"చదువు తప్ప ఇంకోటి తెలియని పిల్ల."

"క్లాసు మానేసినోళ్లు ఎవరన్నా ఉన్నరా ఈ మధ్య?"

అతను అటెండెన్స్ రిజిస్టర్ తెరిచాడు. "ఒక్కతే. సునీత అని కోదాడ అమ్మాయి. మూడో తారీఖు నుంచి రావడం లేదు. ఇంట్లో ఏవో ఇబ్బందులట."

రిజిస్టర్లో మూడు నుంచి పద్నాలుగు దాకా సునీత ఎదురుగా ఆబ్సెంట్ అని ఎర్ర 'ఏ' అక్షరాలు వరుసగా ఉన్నాయి.

"బాలాజీని పిలువు."

బాలాజీ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. పోలీసులను చూసి నుదుటికి చెమట పట్టింది. గోడ పక్కన నిలబడిన నీలాను చూసి ఇంకా భయపడ్డాడు.

"స్రవంతి ఏడున్నది?"

"నాకు తెల్వదు మేడమ్."

"నీ మీద ఇష్టమని రాసింది."

బాలాజీ మొహంలో భయం పోయి జాలి వచ్చింది, తన మీద తనకే. "నన్ను ఇష్టపడెటోళ్లు ఎవరున్నరు మేడమ్? సార్ రూల్ అది. వారానికో టెస్టు. ఏ ర్యాంకు వస్తే ఆ కుర్చీల కూసోవాలె. రోజూ ఇరవై వాక్యాలు, పక్క కుర్చీల ఎవరుంటే వాళ్ల పేరు మీదనే రాయాలె. మొదట్ల ఆమెది ముప్పై మూడు, నాది ముప్పై నాలుగు. నేను గూడ ఆమె మీద రాసిన. ఆమె నా మీద 'బాలాజీ ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ బాత్' అని గూడ రాసింది. క్లాసంతా నవ్విన్రు."

"తర్వాత?"

"తర్వాత ఆమె ఎక్కిపోయింది. నేను ఆడనే ఉన్న." గొంతు తగ్గించాడు. "మంచిది మేడమ్ ఆమె. నాకు ఒక ఉపాయం చెప్పింది. రెండు మాటలని అనుకోకు, ఒక్కటే మాట అనుకో అన్నది. గుడ్డెట్. అఫ్రెయిడాఫ్. పేరూ ఇంటిపేరూ లెక్క. నాకింకా వస్తలేదనుకోండ్రి."

సువర్ణ నోట్‌బుక్ మొదటి నుంచి తిప్పింది. ప్రతి పేజీ కింద రమేష్ సంతకం, తేదీ స్టాంపు. సెప్టెంబరులో బాలాజీ. ఆ తర్వాత ఎవరెవరివో పేర్లు, వారానికొకటి. అక్టోబరు ఆఖరులో పరశురాములు. ఆఖరి ఆరు పేజీలు చదివింది. గోడ మీది లిస్టు వైపు చూసింది. మళ్లీ నోట్‌బుక్ చూసింది.

మూసేసింది.

"సరే సార్. ఏమన్నా తెలిస్తే ఫోన్ చెయ్యుండ్రి. ఊళ్లెనే ఉంటరు గదా?"

"మధ్యాహ్నం చిన్న పని మీద బయటికి పోతున్న మేడమ్. సాయంత్రానికి వచ్చేస్త."

మెట్లు దిగుతుంటే నీలా అడిగింది. "ఆ పిలగాడు కాదు గదా మేడమ్?"

"కాదు."

"మరి ఏడున్నది నా బిడ్డ?"

సువర్ణ జీపు డ్రైవర్ మైసయ్యతో అంది. "కోదాడకు పోనియ్. జల్ది."

తొమ్మిది యాభై. హైవే మీద బండి పరుగెత్తింది.

నీలా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. మునగాల దాటాక తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"మా ఇంట్ల మేం తండా మాటే, లంబాడీనే మాట్లాడుతం. బడికి వోయినంక తెలుగు నేర్సింది. ఇగ ఇంగ్లీషు. మూడో మాట మేడమ్ అది దానికి. గోడలన్నీ కాయితాలు అంటువెట్టింది. పొయ్యి కాడ గూడ. నేను రొట్టెలు చేస్తుంటె చదువుకుంట తిరిగేది. నాకే ఒకటి రెండు వచ్చినయి."

"ఏమొచ్చినయ్?"

"ప్రౌడాఫ్." ఆమె సిగ్గుపడింది. "దానికి అర్థమేందో అడగలే."

సువర్ణ కిటికీలోంచి బయటికి చూసింది. రోడ్డు పక్కన ఒక బావి కనిపించింది. ఆ బావి దాటేదాకా ఊపిరి పీల్చలేదు.

పదిన్నరకు ఫోన్ మోగింది. కోచింగ్ సెంటర్ దగ్గర ఉంచిన కానిస్టేబుల్. "అక్కా, ఇందాకటి సంది మీ ఫోన్ కలుస్తలేదు. మీరు వోయిన ఐదు నిమిషాలకే రమేష్ సారు కారు తీసిండు. కోదాడ రోడ్డే పట్టిండు."

"మన ముందర ఉన్నడా?"

"ఉండొచ్చక్కా. మస్తు జోర్ల వోయిండు."

దాబాల దగ్గర లారీలు అడ్డం వచ్చినప్పుడు తెల్ల కారు ఒకటి తమను దాటిపోయిన సంగతి మైసయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. స్టీరింగు మీద చేత్తో కొట్టాడు.

పది యాభై అయిదు. కోదాడ.

సునీత ఇల్లు దొరకడానికి పది నిమిషాలు పట్టింది. చర్చి సందులో చిన్న డాబా. తలుపు తీసిన అమ్మాయి వయసు ఇరవై రెండు ఉంటుంది. యూనిఫాం చూడగానే తలుపు సగం మూయబోయింది.

"సునీతవా?"

"అవునండి."

"స్రవంతి వచ్చిందా నీ దగ్గరికి?"

"ఎవరూ రాలేదండి. ఆ అమ్మాయితో నాకు పెద్ద పరిచయం లేదు. నేను క్లాసుకు వెళ్లి చాలా రోజులైంది."

"ఎన్ని రోజులు?"

"పది... పన్నెండు రోజులు."

అప్పుడే వెనక వంటింట్లోంచి ఒక పెద్దావిడ స్టీలు డబ్బా తుడుచుకుంటూ వచ్చింది. సునీత తల్లి చంద్రమ్మ.

"సునీతా, ఆ స్రవంతి టిఫిన్ డబ్బా మర్చిపోయిందే! ఏం తింటుందో ఏమో మధ్యాహ్నం..." యూనిఫాం చూసి ఆగింది. "ఎవరండీ?"

సునీత తలుపు వదిలేసింది.

నీలా గబగబా ముందుకు వచ్చింది. చంద్రమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఎక్కడుందని అడగలేదు. ఎందుకు వచ్చిందని అడగలేదు.

"తిన్నదా అమ్మా నా బిడ్డ?"

"తింది తల్లీ. రాత్రి ఇద్దరికీ నేనే పెట్టాను. కలిసి చదువుకుంటున్నారు కదా పరీక్షకి. పొద్దున ఇడ్లీ తింది. ఇందాకే సారొచ్చి కారులో తీసుకెళ్లారు. ఏమైందమ్మా?"

సువర్ణ లోపలి గదిలోకి నడిచింది. బల్ల మీద తెల్ల కాగితాల కట్ట. పైకాగితం తీసింది. నిండా సంతకాలు. 'పి. సునీత'. ఒకే సంతకం, ఒకదాని కింద ఒకటి, అరవై డెబ్బై. మొదట్లో వంకరగా, పోనుపోను తిన్నగా.

"నీ సంతకం నువ్వే నేర్చుకుంటున్నవా బిడ్డా?"

సునీత మంచం మీద కూలబడింది.

అయిదు నిమిషాల్లో అంతా బయటికి వచ్చింది. ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు అసిస్టెంట్ పోస్టుల ఆన్‌లైన్ పరీక్ష. సెంటర్ మిర్యాలగూడ. ఇంగ్లీష్ సెక్షన్ దాటకపోతే మిగతా మార్కులు లెక్కలోకి రావు. సునీత ఇప్పటికి మూడుసార్లు అక్కడే పోయింది. ఈసారి ఆమె పేరు మీద స్రవంతి రాస్తుంది. హాల్ టికెట్ మీద ఫొటో ఇద్దరి మొహాలు కలిపి చేసింది.

"స్రవంతి ఎందుకు ఒప్పుకుంది?"

"సార్ దగ్గర తన ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉన్నాయండి. టెన్త్, ఇంటర్, డిగ్రీ అన్నీ. చేరేటప్పుడే తీసుకున్నారు. తనకి అక్కడ చేరకముందే రాసిన వేరే ఉద్యోగం వచ్చింది, సోమవారం నల్లగొండలో వెరిఫికేషన్. ఒరిజినల్స్ లేకపోతే పోతుంది. ఇది రాస్తేనే ఇస్తానన్నారు." సునీత ఏడుస్తోంది. "ఫోన్ కూడా తీసేసుకున్నారు. రాత్రంతా తను పడుకోలేదండి."

"గేటు ఎప్పుడు మూస్తరు?"

"ఒకటిన్నరకు."

"నువ్వు గూడ రా. జీపెక్కు."

పదకొండు ముప్పై అయిదు. జీపులోంచి సువర్ణ ఎస్సైకి ఫోన్ చేసింది. శ్రీనివాస్ అంతా విన్నాడు.

"సెంటర్ వాళ్లకు ఇప్పుడే ఫోన్ చేస్త. గేటు కాడనే పట్టుకుంటరు."

"సార్, పట్టుకుంటే పిల్లను పట్టుకుంటరు. రమేష్‌ను కాదు."

"మరి?"

"లోపల వేలిముద్ర తీస్కుంటరు సార్. అది వెయ్యకముందే నేను చేరాలె."

"వేసినంక పోతే?" శ్రీనివాస్ గొంతు మారింది. "సునీత పేరు మీద స్రవంతి వేలు పడ్డదంటే మిస్సింగ్ కేసు ఖతం. ఆమెనే ముద్దాయి. ఇగ జన్మల ఏ పరీక్షా రాయనియ్యరు. నీకు తెలుసు."

"తెలుసు సార్. అందుకే అడుగుతున్న."

"ఒకటిన్నర దాకా చూస్త. ఒకటి ముప్పై ఒకటికి నేనే ఫోన్ చేస్త. ఆ తర్వాత నన్ననొద్దు."

ఫోన్ పెట్టేసింది. నీలా ఆమె మొహం వైపే చూస్తోంది. అన్నీ అర్థం కాకపోయినా ముద్దాయి అనే మాట ఆమెకు అర్థమైంది.

"జైల్ల వేస్తరా మేడమ్?"

"వెయ్యరు." సువర్ణ అంది. ఆ మాట తను నమ్మలేదు.

హుజూర్‌నగర్ దాటారు. పన్నెండు ఇరవై. అక్కడి నుంచి అసలు పరేషాన్ మొదలైంది. కోతల రోజులు. రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, పైన రాళ్లు, కొమ్మలు అడ్డం పెట్టి. మిగిలిన సగంలో ఎదురుగా సిమెంట్ లారీలు. మైసయ్య హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"అక్కా, వడ్ల మీదకెళ్లి పోనియ్యనా?"

"వద్దు. రైతు కష్టం."

రెండు కిలోమీటర్లు పోయాక లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయి ఉంది.

"పోనియ్," అంది సువర్ణ. "పోనియ్ మైసయ్యా. తర్వాత నేనొచ్చి దండం పెడ్త."

చక్రాల కింద వడ్లు చిటపటలాడాయి. వెనక ఎవరో తిట్టారు.

కాలువ వంతెన వచ్చింది. నీళ్లు నిండుగా పారుతున్నాయి. సువర్ణ అటు చూడకూడదనుకుంది. చూసింది. ఆ పిల్ల రాత్రంతా పడుకోలేదు. తప్పు చెయ్యలేక, చెయ్యకుండా ఉండలేక, కారు ఆపమని ఇక్కడెక్కడో దిగి ఉంటే? వంతెన మీద చెప్పులు కనిపిస్తాయేమోనని కళ్లు వెతికాయి. ఏమీ లేవు. ఒక మేకపిల్ల నిలబడి ఉంది.

మిర్యాలగూడ పొలిమేరలో రైస్ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు కిలోమీటరు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. ఒంటి గంట పది.

"అక్కా, ఇగ ఇది కదలదు."

"ఎంత దూరముంటది కాలేజీ?"

"ఒక కిలోమీటరు."

సువర్ణ దిగింది. నీలా దిగింది. సునీతను మైసయ్యకు అప్పజెప్పి ఇద్దరూ ట్రాక్టర్ల మధ్యగా పరుగు తీశారు. నలభై ఆరేళ్ల సువర్ణ వెనకబడింది. నీలా ఆమె చెయ్యి పట్టి లాగింది.

ఒకటి ఇరవై మూడు.

ప్రైవేటు కాలేజీ గేటు. తాళ్లు కట్టిన దారిలో క్యూ. ఆ చివర బల్ల, బల్ల మీద వేలిముద్ర యంత్రం. క్యూలో ఆరుగురు మిగిలారు. నాలుగో అమ్మాయి ఆకుపచ్చ చున్నీ వేసుకుంది. చేతిలో హాల్ టికెట్.

నీలా నోరు తెరిచింది. సువర్ణ ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది.

"పేరు పెట్టి పిలవకు! అక్కడ ఆమె సునీత. స్రవంతీ అన్నవంటే అందరికీ తెలిసిపోతది. నేను పోయినా యూనిఫాం చూసి గార్డులు ఎగవడ్తరు."

ఆమె ముందు ముగ్గురు. ఇద్దరు.

నీలా గేటు చువ్వలు పట్టుకుంది. తండా మాటలో పిలిచింది. పేరు లేదు ఆ పిలుపులో. పొలంలో ఉన్న పిల్లను అన్నానికి పిలిచే పిలుపది. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరికీ అర్థం కాలేదు. ఒక తండ్రి చిరాగ్గా చూశాడు.

ఆకుపచ్చ చున్నీ వెనుదిరగలేదు. భుజాలు మాత్రం బిగుసుకున్నాయి.

"వేలు పెట్టమ్మా," అన్నాడు బల్ల దగ్గరి మనిషి.

నీలా మళ్లీ పిలిచింది. ఈసారి ఇంకా గట్టిగా.

ఆ అమ్మాయి చెయ్యి యంత్రం పైన ఆగింది. వేలికి, గాజుపలకకు మధ్య గోరంత దూరం.

"పెట్టమ్మా, వెనక జనం ఉన్నరు."

"నేను రాయను సార్," అంది స్రవంతి.

"ఏమైంది?"

"పానం మంచిగ లేదు. మా అమ్మ వచ్చింది. పోత."

హాల్ టికెట్ మడిచి పిడికిట్లో పెట్టుకుని ఆమె తాళ్ల దారిలో వెనక్కి నడిచింది. గేటు దాటింది. ఒకటి ఇరవై ఏడు.

నీలా బిడ్డను కొట్టలేదు, తిట్టలేదు. తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసింది, అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుంటున్నట్టు.

సువర్ణ ఫోన్ తీసింది. "సార్, దొరికింది. వేలు వెయ్యలే."

"ప్రాణంతోనే ఉందా?"

"ఉంది సార్. పేరు గూడ ఆమెదే ఉంది."

రోడ్డు అవతల టీ హోటల్ ముందు తెల్ల కారు. బెంచీ మీద రమేష్. యూనిఫాంను చూసి లేచాడు. లేచిన చోటే నిలబడ్డాడు, మర్యాదగా నవ్వాడు.

"మేడమ్! మీరిక్కడ? స్రవంతి దొరికిందా? అమ్మయ్య."

"కూసో సార్."

అప్పటికి మైసయ్య సునీతను నడిపించుకుని వచ్చాడు. ఇద్దరమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఈ పిల్లల వ్యవహారం నాకేం తెలుసు మేడమ్?" రమేష్ అన్నాడు. "నేను వేరే పని మీద వచ్చిన. వీళ్లిద్దరూ కలిసి ఏదో చేసి ఉంటరు. సునీత నా క్లాసుకు రాకనే పన్నెండు రోజులు. రిజిస్టర్ మీరే చూసిండ్రు."

"చూసిన." సువర్ణ కవర్లోంచి నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది గూడ చూసిన. మీ క్లాసుల ఏ ర్యాంకు వస్తే ఆ కుర్చీ. పక్క కుర్చీల ఎవరుంటే వాళ్ల పేరు మీదనే వాక్యాలు. అవునా?"

"అవును. దానికేంది?"

"స్రవంతిది ఒకటో కుర్చీ. పక్కన రెండో ర్యాంకు పరశురాములు ఉండాలె. అక్టోబరు ఆఖరుల ఉన్నడు, ఇగో. ఏడో తారీఖు నుంచి పదమూడు దాకా ఆరు పేజీలు సూడుండ్రి. పరశురాములు ఏడ వోయిండు? అన్నీ సునీతనే. ముప్పై ఒకటో ర్యాంకు పిల్ల. రిజిస్టర్ల ఆబ్సెంట్ ఉన్న పిల్ల. ఒకటో కుర్చీ పక్కన ఎట్ల కూసున్నది సార్? ఎవరు కూసోవెట్టిన్రు?"

రమేష్ నోట్‌బుక్ వైపు చూడలేదు.

"ఇంకో ముచ్చట. బాలాజీ మీద రాసినవన్నీ ఉత్త మాటలు. స్నానమంటే భయమని, పెండ్లి అయిందని. సునీత మీదవి సూడు. 'సునీత ఈజ్ ప్రౌడ్ ఆఫ్ హర్ ఫాదర్ ప్రభుదాస్.' 'సునీత ఈజ్ ఫెమిలియర్ విత్ మఠంపల్లి, హర్ ఫాదర్ వర్క్స్ దేర్.' పుట్టిన తేదీ ఉంది. చదివిన బడి ఉంది. ఇవి ఇంగ్లీషు కోసం రాసినయి కాదు. గేటు కాడ ఎవరన్నా అడిగితే తడబడకుండ చెప్పనీకి బట్టీ పట్టించినయి. ప్రతి పేజీ కింద సంతకం మీదే. స్టాంపు మీదే."

"నేను దిద్దిన వాక్యాలు అవి. వాక్యం తప్పులే చూస్త, అందులో ఎవరి సంగతి ఉందో చూడను."

"సార్," అంది స్రవంతి. మొదటిసారి నోరు తెరిచింది. "క్లాసు అయినంక మమ్మల్ని వెనక గదిల కూసోవెట్టిండ్రు. సునీత గురించి ఏం రాయాల్నో మీరే చెప్పిండ్రు. ఈసారన్న ఫ్లెక్సీ మీద ఒక్క ఫొటో రావాలె, లేకుంటే సెంటర్ మూసుకోవాలె అన్నరు."

"నాకూ అదే చెప్పారండి," అంది సునీత నేల చూస్తూ. "సంతకం కాగితాలు కూడా సారే తెచ్చారు."

రమేష్ మర్యాద అంతటితో అయిపోయింది. కారు వైపు ఒక్క అడుగు వేశాడు. మైసయ్య అప్పటికే కారు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

కారు డాష్‌బోర్డులో స్రవంతి ఫోన్ ఉంది. వెనక సీటు మీద ఒక ఫైలు. అందులో ప్లాస్టిక్ కవర్లు, కవరుకొక పేరు. పదకొండు మంది పిల్లల ఒరిజినల్ మెమోలు. మూడో కవరు మీద స్రవంతి పేరు.

సువర్ణ ఎస్సైకి మళ్లీ ఫోన్ చేసింది.

"మంచి పని చేసినవ్," అన్నాడు శ్రీనివాస్. "లోకల్ స్టేషన్ వాళ్లు వస్తున్నరు. సునీత మీద కేసు తప్పదు, హాల్ టికెట్ ఆమెది. స్రవంతి సాక్షి. ఆ ఫైలు మొత్తం సీజ్ చెయ్యి. కోర్టుల పెట్టాలె."

పక్కనే ఉన్న స్రవంతికి ఆ మాట వినపడింది. కింద కూర్చుండిపోయింది. సోమవారం అయిపోయింది ఆమెకు. కోర్టుకు పోయిన కాగితం ఎప్పుడు తిరిగి వస్తుందో అక్కడున్న అందరికీ తెలుసు.

"సార్," అంది సువర్ణ, "ఈ పిల్లవి జిరాక్సులు సీజ్ చేస్త. ఒరిజినల్స్ ఆమెకే ఇచ్చి రసీదు రాయించుకుంట."

"రూల్ ప్రకారం కాదు సువర్ణమ్మా."

"తెలుసు సార్. సోమవారం పొద్దున ఆమె నల్లగొండల లేకుంటే, రమేష్ చెయ్యాలనుకున్నది మనం చేసినట్టు అయితది."

అవతల స్టేషన్లో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

"రెండు సెట్లు తీయించు," అన్నాడు శ్రీనివాస్. "పంచ్ సాక్షులతో సంతకం పెట్టించు. మెజిస్ట్రేటుకు నేను చెప్పుకుంట."

జిరాక్స్ షాపు రెండు దుకాణాల అవతల ఉంది. సువర్ణ ఒక్కో కాగితం తనే పట్టుకుని యంత్రం మీద పెట్టించింది. షాపతన్ని ముట్టనివ్వలేదు. అన్నీ అయ్యాక కవర్లో సర్ది నీలా చేతికి ఇచ్చింది. ఇచ్చాక కూడా వదల్లేదు.

"సోమవారం దాకా ఏడ పెడ్తవు? ఎలుకలు గిట్ల కొట్టేను. వాన గిట్ల వడేను. బస్సుల పక్కన పెట్టి మర్సిపోయేవు. అసలే కోతల రోజులు, బస్సు నిండ జనం..."

నీలా కవరును చీర కొంగులో చుట్టుకుంది. రెండో చెయ్యి బిడ్డ మణికట్టు మీద ఉంది, గేటు దగ్గర పట్టుకున్నప్పటి నుంచీ అలాగే.

"ఒళ్లె పెట్టుకుంట మేడమ్," అంది. "బిడ్డను గూడ."